ప్రసరణలో వలయం ఉందా?

వలయవాది: 'సర్క్యులేషన్' అనే ఒక్క ఆంగ్ల పదం చేసే పనిని తెలుగులో అరడజను మాటలు పంచుకుంటున్నాయి. రక్తానికి ప్రసరణ, నోట్లకు చలామణి, పాటకు ప్రచారం, రోగానికి వ్యాప్తి, పుకారుకు షికారు, పత్రికకు మాత్రం అనువాదమే లేకుండా సర్క్యులేషన్. దీన్ని భాషాసంపదగా లెక్కించడం అలవాటు. కానీ ఆ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే అన్నిటిలోనూ ఒకే లోటు కనిపిస్తుంది. లాటిన్‌లో 'సర్క్యులస్' అంటే చిన్న వలయం. కనుక బయలుదేరినది బయలుదేరిన చోటికే చేరుకోవడం ఆ పదంలోని అసలు ఊహ. రక్తానికి తెలుగులో వాడే ప్రసరణలో 'ప్ర' అంటే ముందుకు, 'సృ' అంటే సాగడం. ముందుకు సాగిపోవడమే తప్ప మళ్ళడం అందులో లేదు. భౌతికశాస్త్ర పాఠంలో కాంతి ప్రసరణ అంటారు, జీవశాస్త్ర పాఠంలో రక్తప్రసరణ అంటారు. దీపం వదిలిన కాంతి దీపానికి తిరిగి రానక్కరలేదు, గుండె వదిలిన రక్తం గుండెకు చేరకపోతే మాత్రం ప్రాణం నిలవదు. ఇంత దూరపు సంగతులను ఒకే మాటతో చెప్పినప్పుడు, రెండవదానికి ఆయువుపట్టయిన సంగతే మాటలోంచి జారిపోయింది.

వాడుకవాది: మాటకు అర్థాన్ని పుట్టుక ఇవ్వదు, వాడుక ఇస్తుంది. నువ్వు, నెయ్యి అనే రెండు మాటలు కలిసి నూనె అయింది. అయినా మదనపల్లె అంగడిలో వేరుశనగ నూనె అడిగినవారిని, నువ్వులు లేకుండా నూనె ఎక్కడిదని ఎవరూ నిలదీయరు. రక్తప్రసరణ అనే మాట వినగానే బడిపిల్లల మనసులో మెదిలేది 'ప్ర' అనే ఉపసర్గ కాదు. ఎర్రని ధమనులూ నీలపు సిరలూ గుండె దగ్గర కలిసే బొమ్మ. పైగా వలయం అవసరమైన చోట తెలుగు దాన్ని చేర్చుకోకుండా ఊరుకోలేదు. చేపలో రక్తం ఒక చుట్టుకు గుండెను ఒక్కసారే దాటుతుంది కనుక ఏకవలయ ప్రసరణ అనీ, మనిషిలో ఊపిరితిత్తులకు ఒక చుట్టు, మిగిలిన శరీరానికి మరో చుట్టు వేస్తుంది కనుక ద్వివలయ ప్రసరణ అనీ పరిభాష ఏర్పడింది. సముద్రం నుంచి మబ్బుకూ, మబ్బు నుంచి నేలకూ, నేల నుంచి సముద్రానికీ సాగే నీటి ప్రయాణానికి జలచక్రం అనే పేరు కూడా తెలుగులో స్థిరపడింది. ఎక్కడ చుట్టు ప్రధానమో అక్కడ చక్రమనీ వలయమనీ అన్నారు, ఎక్కడ కదలిక ప్రధానమో అక్కడ ప్రసరణ అన్నారు.

వలయవాది: నూనె ఉదాహరణ న్యాయమైనదే, పుట్టుక ఒక్కటే చూసి మాటను తూచకూడదన్నంతవరకు ఒప్పుకోవలసిందే. కానీ ప్రసరణ పక్కన వలయాన్ని విడిగా తెచ్చి అతికించవలసి వచ్చిందంటే, ఆ మాటలో వలయం లేదని పరిభాషాకర్తలే గుర్తించినట్టయింది. ఈ లోటు వ్యాకరణానికి సంబంధించిన చిన్న విషయం కాదనడానికి వైద్యచరిత్రే సాక్ష్యం. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పిన ప్రకారం, తిన్న ఆహారం నుంచి కాలేయం రక్తాన్ని తయారు చేస్తుంది, ఆ రక్తం అవయవాలకు పారి అక్కడే ఖర్చయిపోతుంది. అంటే కాలవ నీరు మడిలోకి పారి ఇంకిపోయినట్టు. దాదాపు పధ్నాలుగు వందల ఏళ్ళు ఐరోపా వైద్యులు ఈ చిత్రాన్నే నమ్మారు. 1628లో విలియం హార్వే చేసిన పని ఒక లెక్క. గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తాన్ని తోస్తుందో, అరగంటలో ఎన్ని దెబ్బలు కొడుతుందో గుణించి చూస్తే, వచ్చిన మొత్తం శరీరంలో ఉన్న రక్తమంతటికంటే ఎక్కువగా తేలింది. తిన్న తిండి నుంచి అంత రక్తం పుట్టడం అసాధ్యం కనుక వెళ్ళిన రక్తమే తిరిగి వస్తోందని ఆయన నిర్ణయించాడు. నేటి కొలతల్లో చెప్పాలంటే పెద్దవారి శరీరంలో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు, విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి తోసేది కూడా సుమారు 5 లీటర్లే. ప్రసరణ అనే మాట గాలెన్ ఊహకు అతికినట్టు సరిపోతుంది. హార్వే కనుగొన్నదానికి సరిపోదు.

హార్వే తన ఊహకు పోలిక వెతుక్కున్నది కూడా గమనించదగినది. ఎండకు తడినేల ఆవిరై, పైకి వెళ్ళి, వానై దిగి, మళ్ళీ నేలను తడపడం ఆకాశంలోని గ్రహాల చుట్టుతిరుగుడును పోలి ఉంటుందన్న అరిస్టాటిల్ మాటను ఆయన రక్తానికి అన్వయించాడు. 1651లో థామస్ హాబ్స్ 'లెవయతన్'లో అదే పోలికను డబ్బుకు తెచ్చి, రాజ్యమనే శరీరంలో ధనం రక్తం వంటిదన్నాడు. వాన నుంచి రక్తానికి, రక్తం నుంచి డబ్బుకు ఒకే ఊహ వంతెన దాటుతూ పోయింది. నీటికి చక్రం, రక్తానికి ప్రసరణ, డబ్బుకు చలామణి అని మూడు గదులు కట్టుకున్న భాషలో అటువంటి వంతెన ఎలా పడుతుంది?

వాడుకవాది: ఆ వంతెన ఎవరిని ఎక్కడికి చేర్చిందో కూడా చూడాలి. హాబ్స్ పోలికలో సిరలంటే పన్నులు వసూలు చేసి ఖజానాకు చేర్చేవారు, ధమనులంటే ఖజానా నుంచి జీతాలూ చెల్లింపులూ పంచేవారు. అంటే దేశపు డబ్బుకు ఖజానాయే గుండె. వలయం అనగానే దానికొక కేంద్రం కావలసి వస్తుంది, ఆ కేంద్రంలో కూర్చున్నది ఎవరన్న ప్రశ్న మాటున పడిపోతుంది. తెలుగు చలామణిలో గుండె లేదు. చేతులు మారడమే ఉంది. పుంగనూరు సంతలో గొర్రెను అమ్మిన చేతికి వచ్చిన నోటు సాయంత్రానికి చీరల అంగడిలో ఉంటుంది, మరునాడు పలమనేరు బస్సులో కండక్టరు సంచిలో ఉంటుంది. అది బయలుదేరిన చేతికే తిరిగి రావాలన్న నియమం ఏదీ లేదు, రాకపోయినా చలామణి ఆగినట్టు కాదు.

పైగా తెలుగు ఈ విషయంలో రెండు మాటలను ఎంతో నేర్పుగా వేరు చేసుకుంది. చలామణి అంటే నోటు చేతులు మారుతూ ఉండడం. చెల్లుబాటు అంటే ఇచ్చిన నోటును అవతలివారు కాదనకుండా పుచ్చుకోవలసి రావడం. 2023 మే 19న రిజర్వు బ్యాంకు రెండు వేల రూపాయల నోట్లను ఉపసంహరించినప్పుడు, ఆనాడు ప్రజల దగ్గరా బ్యాంకుల దగ్గరా ఉన్న 3.56 లక్షల కోట్ల రూపాయల విలువైన ఆ నోట్లు చలామణి నుంచి తప్పుకుంటాయి గానీ వాటి చెల్లుబాటు కొనసాగుతుందని ప్రకటించింది. చదువుకున్నవారు కూడా తికమక పడే ఈ తేడాను తెలుగు పత్రికలు ఈ రెండు మాటలతో ఒక్క వాక్యంలో చెప్పగలిగాయి. చెల్లు అనే ధాతువు ఇంకా లోతుగా వెళ్తుంది: పెద్దమనిషి మాట ఊళ్ళో చెల్లుతుంది, అప్పు చెల్లుతుంది, గడువు దాటిన మందుకు కాలం చెల్లుతుంది. నిలిచి ఉండడమూ ముగిసిపోవడమూ ఒకే క్రియలో ఇమిడిన ఈ మాటను పక్కకు నెట్టి ఒకే వలయపదాన్ని తెచ్చుకోవడం వల్ల కలిగే లాభం కంటే నష్టమే ఎక్కువ.

వలయవాది: చలామణికీ చెల్లుబాటుకూ ఉన్న తేడా నిజంగా విలువైనది, దాన్ని చెరిపేయాలన్న కోరిక ఎవరికీ లేదు. కానీ ఇరుగుపొరుగు భాషలను చూస్తే, ఉన్నవాటిని వదులుకోకుండానే వలయాన్ని నిలుపుకోవడం సాధ్యమేనని తెలుస్తుంది. కర్ణాటకా తమిళనాడూ ఆంధ్రప్రదేశూ కలిసే మూలలో కుప్పం ఉంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ వెలిసింది కూడా ఈ భాషల కూడలి కావడం వల్లనే. అక్కడి నుంచి పడమటికి పోతే కన్నడంలో రక్తానికి వాడే మాట పరిచలనె. 'పరి' అంటే చుట్టూ. ప్రసరణను పక్కన పెట్టి 'పరి'ని ఎంచుకోవడంతో కన్నడానికి హార్వే కనుగొన్నది ఒక్క ఉపసర్గతో దక్కింది. హిందీలోని పరిసంచరణ్ కూడా అంతే. తమిళం సంస్కృత ఉపసర్గల జోలికి పోకుండా రత్త ఓట్టం అంది, అంటే రక్తపు పరుగు. వలయం లేకపోయినా కనీసం ఆ మాట కూలివారికీ పండితులకూ ఒక్కటే. తెలుగు మాత్రం వలయాన్నీ పట్టుకోలేదు, వాడుకనూ పట్టుకోలేదు.

వాడుకవాది: కుప్పం కూడలినే సాక్ష్యానికి పిలిచినందుకు సంతోషించవలసిందే, ఎందుకంటే ఆ కూడలిలో మరో మాట కూడా సాక్ష్యం చెబుతుంది. తెలుగులో చలామణి, కన్నడంలో చలావణె, తమిళంలో సెలావణి: ఒకే కుటుంబపు మాట మూడు భాషల్లో మూడు వేషాలతో తిరుగుతోంది. కన్నడంలో అది నోట్ల వాడకానికి నిలిచింది, తమిళంలో విదేశీ మారకద్రవ్యానికి ఎక్కువగా పట్టుబడింది, తెలుగులో నోటుకే కాక మనిషికి కూడా వర్తించి, లేని అర్హతతో పెద్దమనిషిగా చలామణి అయ్యేవాడిని పట్టిస్తుంది. ఈ మాటలను ఏ పరిభాషా సంఘమూ కూర్చుని తయారు చేయలేదు. సంతలూ కచేరీలూ వాటిని మలిచాయి.

ఆంగ్ల పదంలో వలయం భద్రంగా ఉందన్న నమ్మకం కూడా నిలవదు. పత్రిక సర్క్యులేషన్ అంటే అమ్ముడైన ప్రతుల సంఖ్య. మన దేశంలో 1948 నుంచి ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ లెక్కగట్టేది దాన్నే. ఆ ప్రతి అచ్చయిన చోటికి తిరిగి రాదు. తిరిగి వచ్చేవి అమ్ముడుపోని ప్రతులు, వాటిని లెక్కలోంచి తీసేస్తారు. ఒక టీకొట్టులో ఒక్క ప్రతిని పొద్దుటి నుంచి పాతికమంది చదివినా లెక్కలో అది ఒకటే; సాయంత్రం అదే కాగితం బొరుగుల పొట్లమవుతుంది. ఏ వలయం కోసం ఆంగ్ల పదాన్ని మెచ్చుకుంటున్నారో ఆ వలయం ఆంగ్లంలోనే అరిగిపోయింది.

వలయవాది: పత్రిక విషయంలో ఆ మాట కాదనలేనిది. అయితే ఒక అర్థంలో అరిగినది మిగిలిన అర్థాల్లో అరగలేదు. గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చి పుచ్చుకునే విభాగాన్ని సర్క్యులేషన్ అంటారు, అక్కడ తిరిగి రాని పుస్తకం పోయినట్టే లెక్క. ఆ వలయమే లేకపోతే గ్రంథాలయానికీ పుస్తకాల అంగడికీ తేడా లేదు.

మాటలో వలయం ఉంటే అడగాలనిపించే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. లేకపోతే వాటిని ఎవరూ అడగరు. మదనపల్లె టమోటా మార్కెట్టే ఇందుకు ఉదాహరణ. దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటైన అక్కడికి చుట్టుపక్కల మండలాల నుంచి సరుకు వస్తుంది, మండీలలో వేలంపాట జరుగుతుంది, లారీలు దూరరాష్ట్రాలకు బయలుదేరతాయి. 2023 జూలై ఆఖరులో అక్కడ కిలో ధర రెండు వందల రూపాయల దరిదాపులకు చేరింది. గిట్టుబాటు కాని రోజుల్లో కోతకూలి కూడా రాదని పండిన కాయను రోడ్డు పక్కన పారబోసిన రైతులూ ఆ ప్రాంతం వారే. ఆ రెండు కాలాల్లోనూ సరుకు ఎటు పోయిందో, ఎన్ని టన్నులు పోయిందో, ధర ఎంత పలికిందో పత్రికలు రాస్తాయి. పోయిన సరుకుకు బదులుగా పల్లెకు తిరిగి వచ్చింది ఎంత, వచ్చినది ఎన్నాళ్ళు పల్లెలో నిలిచింది అన్నది రాయరు. ఎగుమతి, రవాణా, సరఫరా, పంపిణీ అన్న మాటలన్నీ పోవడాన్నే చెబుతాయి. రావడాన్ని కలుపుకున్న మాట చేతిలో లేనప్పుడు లెక్క సగంలోనే ఆగిపోతుంది.

వాడుకవాది: ఆ లెక్కను రైతు సగంలో ఆపడు, ఆపడం అతనికి సాధ్యం కాదు. విత్తనానికీ, మొక్కను నిలబెట్టే కట్టెలకూ, మందులకూ మండీ నుంచి ముందుగా తెచ్చుకున్న అడ్వాన్సు, కాయ అమ్ముడైన రోజున పట్టీలో కోత పడుతుంది. పట్టీ అంటే అమ్మిన సరుకుకూ ధరకూ కమీషనుకూ తీసివేతలకూ రాసి ఇచ్చే చీటీ. డబ్బు మండీ నుంచి పొలానికి, పొలం నుంచి కాయ రూపంలో మండీకి, మళ్ళీ అడ్వాన్సు రూపంలో పొలానికి చేరుతుంది. వలయవాదం కోరుకున్న నిండు వలయం ఇదే. అయితే ఆ వలయం ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గర ముగుస్తోంది? ప్రతి చుట్టులోనూ రైతు దాటిపోయే మజిలీ మాత్రమే. సుడిగుండం కూడా వలయమే. చుట్టు తిరిగి రావడాన్ని ఆరోగ్యానికి గుర్తుగా చూపే పోలిక రక్తం విషయంలో సరైనదేమో గానీ, అప్పు విషయంలో అది కట్టును కప్పిపుచ్చుతుంది.

వలయవాది: ఇది బలమైన మాట, తేలికగా దాటిపోదగినది కాదు. వలయం తనంతట తాను మంచిది కాదన్నది ఒప్పుకోవలసిందే. కానీ ఆ అప్పును సుడిగుండమని గుర్తించడానికి కూడా ముందు దాని ఆకారం కనిపించాలి కదా. అడ్వాన్సు, కోత, పట్టీ అన్న విడివిడి మాటల్లో ఆ ఆకారం కనిపించదు. వలయం అన్న మాట తెచ్చిన తరువాతనే ఎదుటి పక్షం దాన్ని సుడిగుండమనగలిగింది.

వాడుకవాది: అది న్యాయమే, ఆ పదం వల్ల ఒక ఆకారం కనిపించిందని ఒప్పుకోక తప్పదు. అయితే ఒకే పదం రెండు వేరు సంగతులను కలిపి చూపించే ప్రమాదం కూడా ఉంది, దానికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరమే తార్కాణం. 1915లో అక్కడ క్షయరోగుల కోసం శానిటోరియం ఏర్పడింది. క్షయకు పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. అప్పటిదాకా వైద్యమంటే విశ్రాంతి, బలమైన తిండి, ధారాళమైన గాలి. మూసిన గదిలో రోగి దగ్గినప్పుడు వెలువడే సూక్ష్మక్రిములు గాలిలో తేలుతూ ఉండిపోతాయి, గాలి మారుతూ ఉంటే చెదిరి పలచబడతాయి. ఆంగ్లంలో గాలి కదలికకూ, ఊళ్ళో క్రిమి తిరగడానికీ సర్క్యులేషన్ అనే మాటే పనికి వస్తుంది. తెలుగులో గాలి ఆడాలి, రోగం వ్యాపించకూడదు. కోరుకునే కదలికకు ఒక క్రియ, భయపడే కదలికకు మరో క్రియ.

ఈ 'ఆడు' అనే క్రియ దగ్గర కొంచెం ఆగాలి. గాలి ఆడుతుంది, ఊపిరి ఆడుతుంది, నాడి ఆడుతుంది, కాలు ముడుచుకుని కూర్చుంటే రక్తం ఆడక తిమ్మిరెక్కుతుంది, పంట చేతికొచ్చిన నెలలో చేతిలో డబ్బు ఆడుతుంది, బొమ్మ బాగుంటే టాకీసులో వంద రోజులు ఆడుతుంది. వాన నుంచి రక్తానికీ డబ్బుకూ వంతెన లేదన్నారు. పండితులు చూడని చోట, ఇంటి మాటల్లో, ఆ వంతెన ఎప్పుడో పడి ఉంది. గాలినీ రక్తాన్నీ డబ్బునూ ఒకే క్రియతో చెప్పే భాషకు ఏకత్వం తెలియదనడం సరికాదు.

వలయవాది: ఈ ఉదాహరణలకు జవాబు వెంటనే దొరికేది కాదు. గాలి, ఊపిరి, నాడి, రక్తం, డబ్బు ఒకే క్రియ కిందికి వచ్చాయన్నది నిజంగా ఆలోచింపజేసే సంగతి, వలయవాదం దీన్ని మొదటే లెక్కలోకి తీసుకోవలసింది. అయినా ఆడడం అంటే అడ్డు లేకుండా కదలడం. ఉయ్యాల ఆడినట్టు అటూ ఇటూ. ఊపిరికీ నాడికీ అది సరిగ్గా సరిపోతుంది. రక్తం మాత్రం అటూ ఇటూ ఊగదు. సిరల్లోని కవాటాలు దాన్ని వెనక్కి పోనివ్వవని చూపడమే హార్వే వాదానికి మూలస్తంభం. తెలుగు ఏకత్వాన్ని పట్టుకుంది, కానీ ఆకారాన్ని పట్టుకోలేదు.

వాడుకవాది: ఆకారమే కావాలంటే 'తిరుగు' ఉంది. గానుగ తిరుగుతుంది, ఊళ్ళు తిరుగుతారు, వెళ్ళినవారు తిరిగి వస్తారు. చుట్టడం, సంచరించడం, మళ్ళడం అనే మూడు అర్థాలూ ఒకే ధాతువులో ఉన్నాయి. వ్యాపారులు డబ్బు తిరగడం లేదంటారు, లేదా రొటేషన్ ఆగిందంటారు; ఆ అరువు మాట కూడా వలయాన్నే ఎంచుకుని తెచ్చుకున్నది. చేతిఫోన్లలో పాకే పుకారును పత్రికలు చక్కర్లు కొడుతోందని రాస్తున్నాయి. ప్రజలు వలయాన్ని ఎక్కడా పోగొట్టుకోలేదు.

వలయవాది: అయితే పోగొట్టింది ఎవరు? తిరుగు అనే మాట చేతిలో ఉండగా పాఠ్యపుస్తకానికి ప్రసరణ ఎందుకు కావలసి వచ్చింది? రక్తపు తిరుగుడు అని రాస్తే అది శాస్త్రం కాకుండా పోతుందన్న సంకోచమే కారణమైతే, ఆ తప్పు వాడుకది కాదు, పరిభాషది. ఈ ఒక్క చోట రెండు పక్షాలూ కలవవచ్చు: వలయం గల కొత్త పదాన్ని 'తిరుగు' నుంచే చేసుకుంటే సరిపోతుంది.

వాడుకవాది: పరిభాష కట్టినవారు ఇంటి క్రియలను గడప బయటే నిలబెట్టారన్నది నిజం, దాన్ని సమర్థించడానికి వాడుకవాదం పూనుకోదు. కానీ చేసుకోవడం అన్న దగ్గరే విభేదం మళ్ళీ మొదలవుతుంది. తిరుగు బతికినది ఎవరూ దాన్ని ఒక అర్థానికి కట్టేయకపోవడం వల్లనే. దాన్ని తెచ్చి నిర్వచనంలో బిగిస్తే, ఊళ్ళు తిరిగే మనిషి అందులోంచి జారిపోతాడు, తిరగబడే మనిషీ జారిపోతాడు.

మదనపల్లెలో జరిగిన మరో సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సభలో తొలిసారి పాడిన 'జనగణమన'ను రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో మదనపల్లెలోని బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు తానే ఆంగ్లంలోకి తెచ్చారు, ఆ కళాశాల ప్రిన్సిపాల్ సతీమణి మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరలిపి కూర్చారు. 1950 జనవరి 24న అది జాతీయగీతంగా స్వీకారం పొందింది. ఈ ప్రయాణాన్ని తెలుగు ప్రచారంలోకి రావడం అంటుంది. అది బయలుదేరిన చోటికి రావడం కాదు, అందరిదీ కావడం. దానికి వలయం చాలదు.

వలయవాది: పాటకు చాలకపోవచ్చు, పంచుకున్నకొద్దీ పాట తరగదు. తరిగేవాటి సంగతి వేరు. పుంగనూరు ఆవునే చూడాలి. నడుం ఎత్తుకు మించని శరీరం, తక్కువ మేత, వెన్న చిక్కగా ఉండే పాలు. ఆ జాతి అంతరించిపోయే దశకు చేరినప్పుడు పలమనేరు పశుపరిశోధన కేంద్రం దాన్ని కాపాడే పని చేపట్టింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఆ ఆవులకు మేత తినిపిస్తున్న చిత్రాలు దేశమంతటా వచ్చాక దాని పేరు ఎన్నడూ లేనంత ప్రచారంలోకి వచ్చింది. ముద్దుగా పెంచుకోవడానికి దూర నగరాల వారు కొనుక్కుపోతున్నారు. పేరు తిరుగుతోంది, మరి మంద తిరుగుతోందా? మేలైన ఆబోతు దూడలు ఊరు దాటిపోయి, వాటి సంతతి ఇక్కడి ఆవులకు అందకపోతే ఆ జాతి తన నేల మీద పలచబడుతుంది. ప్రచారం అనే మాట ఈ తేడాను దాచిపెడుతుంది.

వాడుకవాది: దాచిపెట్టదు, పుంగనూరు పల్లెల్లో పేరుకూ పశువుకూ తేడా తెలియనివారు లేరు. అయినా ఇక్కడ వలయవాదపు ఆందోళన నిజమైనదని ఒప్పుకోవాలి. ఆ ఊరి పేరు మోసే ఆవును ఆ ఊరివారే కొనలేని ధర పలుకుతున్న సంగతిని చెప్పడానికి చలామణి, ప్రచారం, గిరాకీ అన్న మాటల్లో ఏదీ చాలడం లేదు. ఈ ఒక్క చోట వాడుక వెనకబడి ఉంది.

వలయవాది: నీటి విషయంలోనూ వెనకబడే ఉంది. శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన కృష్ణాజలాలు హంద్రీ-నీవా కాలువల మీదుగా, పుంగనూరు శాఖా కాలువ దాటి, 2025 ఆగస్టులో కుప్పం ప్రాంతానికి చేరాయి. కృష్ణా నదికి ఈ కొండనేలతో ఏ సంబంధమూ లేదు. మదనపల్లె మీదుగా పోయే బాహుదా నీరు చివరకు పెన్నలో కలుస్తుంది, కుప్పం నేల పాలారు పరీవాహకంలో ఉంది. ఒక నది నీరు ఇన్ని మెట్లు ఎక్కి, వేరే నదుల నేలకు వస్తున్నప్పుడు దాన్ని తరలింపు అనే మాటతో సరిపెడుతున్నారు. తరలినది తిరిగి ఎక్కడికి చేరుతుందన్న ఊహ ఆ మాటలో లేదు.

వాడుకవాది: తరలింపు అన్నది కార్యాలయాల మాట. కుప్పం రైతులు నీళ్ళొచ్చాయన్నారు. చెరువు నిండితే మరవ పోయిందంటారు; మరవ అంటే నిండిన చెరువు నుంచి మిగులు నీరు పొర్లిపోయే కట్టడం. పొర్లిన నీరు కింది చెరువుకు, అక్కడి నుంచి దాని కింది చెరువుకు గొలుసుగా దిగి, పాలారులో కలిసి తమిళనాడు దాటి సముద్రానికి పోతుంది. కాలవకు ఇరుపక్కలా ఇంకినది బావుల్లో ఊరుతుంది. పోయేది, నిలిచేది, ఊరేది అని మూడింటికీ పేర్లున్నాయి.

వలయవాది: సముద్రానికి పోయినదానికి పేరు లేదు. అది కూడా అక్కడితో ఆగదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీది తడిని మోసుకొచ్చి చిత్తూరు సీమ మీదనే కురిపిస్తాయి. హార్వే రక్తానికి పోలికగా తెచ్చుకున్న వాన అదే.

వాడుకవాది: దానికి పేరుంది. ఆ వానకు ముందు పడమటి గాలి ఆగి తూరుపు గాలి మొదలైన రోజున, ఆకాశం కేసి చూసి, గాలి తిరిగిందంటారు.

వలయవాది: తిరిగిందంటే మళ్ళిందనా, తిరిగి వచ్చిందనా?